నెలజీతం – చేపల చెరువు: కొల్లేటి ప్రాంతంలో ఉద్యోగంతో పాటు వ్యాపారారంభం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉద్యోగం చేస్తూనే కొత్త వ్యాపారం మొదలుపెట్టడం మంచిదా, కాదా అన్న ప్రశ్నను సాధారణంగా వ్యక్తి ధైర్యానికో పట్టుదలకో ముడిపెట్టి చర్చిస్తారు. ఏలూరు జిల్లా మండవల్లి పరిసరాల్లోని చేపల పెంపకాన్ని ఉదాహరణగా తీసుకొని, ఆ ప్రశ్నకు సమాధానం వ్యాపారం కోరే వేళల్లోను, జీతాన్ని వాడుకొనే పద్ధతిలోను, చట్టం విధించే హద్దుల్లోను ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చెరువు దినచర్య, ఒక ఊహాత్మక జమాఖర్చు, ఉద్యోగుల ప్రవర్తన నియమాలు, భాగస్వామ్య బాధ్యత, కొల్లేటి అభయారణ్య పరిమితి ఇందులో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: ఉద్యోగం, వ్యాపారారంభం, కొల్లేరు, మండవల్లి, చేపల పెంపకం, ప్రవర్తన నియమాలు, భాగస్వామ్యం, జీతపు జప్తు.

1. ఉపోద్ఘాతం

గుడివాడ నుంచి భీమవరం వెళ్లే రైలుమార్గంలో, కైకలూరుకు ముందు వచ్చే స్టేషను మండవల్లి. 2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణా జిల్లాలో ఉన్న ఈ మండలం, జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఏలూరు జిల్లాలో చేరింది. రైలు కిటికీలోంచి చూసినా, రోడ్డు మీదుగా వెళ్లినా వరిచేల కంటే చెరువుగట్లే ఎక్కువగా కనిపిస్తాయి. ఉదయం బండి కోసం ఎదురుచూసే ఉద్యోగుల మాటలు కాసేపు విన్నవారికి ఇంకొక సంగతి తెలుస్తుంది. బదిలీలు, కరువుభత్యం గురించి మొదలైన సంభాషణ తవుడు ధర మీదికి, హౌరా మార్కెట్టులో నిన్నటి రేటు మీదికి మళ్లుతుంది. ఉపాధ్యాయుడు, గుమాస్తా, బ్యాంకు ఉద్యోగి, ఆర్టీసీ కండక్టరు – వీరిలో ఎవరికో ఒకరికి ఎక్కడో ఒక చెరువులో వాటా ఉంటుంది.

రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదని మన పెద్దలంటారు. పెనుమాకలంక, నందిగామలంక వంటి లంకగ్రామాలున్న ఈ మండలంలో పడవ అలంకారం మాత్రమే కాదు, వరదరోజుల్లో అదే దారి. అయినా ఆ సామెతను ఇక్కడివారు అంతగా పట్టించుకోలేదు. నిజానికి మన గ్రామాల్లో ఒకే ఆదాయం మీద బతికిన కుటుంబాలు ఎప్పుడూ తక్కువే. బడిపంతులు పొలం చేయించాడు, పోస్టుమాస్టరు కిరాణాకొట్టు నడిపాడు. అందువల్ల ఉద్యోగమూ వ్యాపారమూ కలిసి ఉండవచ్చునా అని అడగడంలో పెద్ద ప్రయోజనం లేదు; అవి కలిసే ఉన్నాయి. ఏ వ్యాపారం ఏ ఉద్యోగంతో కలుస్తుంది, ఏది కలిసినట్టు కనిపించి జీతాన్ని మింగుతుంది అన్నదే పరిశీలించవలసిన విషయం.

2. పూర్వపరిశోధనలు, వాటి పరిమితి

ఉద్యోగం వదలకుండా వ్యాపారంలో అడుగుపెట్టడాన్ని నిర్వహణశాస్త్రజ్ఞులు గత రెండు దశాబ్దాలుగా ప్రత్యేకంగా అధ్యయనం చేస్తున్నారు. 2010లో టిమొతీ ఫోల్టా, ఫ్రెడరిక్ డెల్మార్, కార్ల్ వెన్‌బర్గ్ స్వీడన్ ఉద్యోగుల వివరాల ఆధారంగా ఇటువంటి ‘మిశ్రమ’ వ్యాపారులు అరుదైన మినహాయింపులు కారని చూపారు. చాలామందికి ఇది తమ శక్తినీ సరుకునూ తక్కువ నష్టంతో పరీక్షించుకొనే దశ. 2014లో జోసెఫ్ రాఫీ, జీ ఫెంగ్ అమెరికా సమాచారంతో చేసిన అధ్యయనం మరింత ప్రసిద్ధి పొందింది. నేరుగా ఉద్యోగం మాని వ్యాపారంలో దిగినవారితో పోలిస్తే, కొంతకాలం రెండూ నడిపి ఆ తరువాత పూర్తిగా వ్యాపారానికి మారినవారు వ్యాపారాన్ని మూసివేసే అవకాశం సుమారు మూడోవంతు తక్కువని వారు తేల్చారు.

ఈ ఫలితాన్ని మన ప్రాంతానికి యథాతథంగా వర్తింపజేసే ముందు ఒక జాగ్రత్త అవసరం. మిశ్రమదశ మనిషికి నేర్పుతుంది. నేర్చుకొన్నవారిలో వ్యాపారం తమకు సరిపడదని గ్రహించినవారు నిశ్శబ్దంగా తప్పుకొంటారు. మిగిలినవారే పూర్తికాల వ్యాపారులవుతారు గనుక వారు ఎక్కువకాలం నిలుస్తారు. అంటే ‘తప్పుకోవడానికి వీలుండటం’ ఈ పద్ధతిలోని అసలు బలం. మేత సగం వేసిన చెరువునుంచి ఆగస్టు నెలలో ఎవరు తప్పుకోగలరు?

భారతదేశంలో ఈ చర్చ వచ్చినప్పుడల్లా నిర్మా సంస్థాపకుడు కర్సన్‌భాయ్ పటేల్ ప్రస్తావన వస్తుంది. గుజరాత్ ప్రభుత్వ గనులు, భూగర్భశాఖలో ప్రయోగశాల ఉద్యోగిగా ఉంటూ, 1969లో ఇంటివద్దే బట్టల సోడా తయారుచేసి సైకిలు మీద ఇంటింటికీ అమ్మి, గిరాకీ స్థిరపడ్డాక ఉద్యోగం మానిన కథ అది. ఆయన శ్రమను తక్కువ చేయడం ఉద్దేశం కాదు గాని, ఆ కథలో ఎవరూ పట్టించుకోని పాత్ర సబ్బుపొడి. రాత్రి తయారైన పొడి తెల్లవారేదాకా ఆగుతుంది. ఆఫీసు వదిలేదాకా సంచిలో ఆగుతుంది. ఈ వారం అమ్ముడుపోకపోతే వచ్చే వారం దాకా ఆగుతుంది. సరుకు యజమాని కోసం వేచి ఉంది. చేప అలా వేచి ఉండదు.

3. చెరువు గడియారం

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లపు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు దీనిలోకి నీరు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని బంగాళాఖాతంలోకి తీసుకుపోతుంది. 1970ల ద్వితీయార్ధంలో మత్స్యకారుల సహకార సంఘాలకు ప్రభుత్వ ప్రోత్సాహంతో చెరువులు తవ్వించడంతో ఇక్కడ చేపల పెంపకం స్థిరరూపం పొందింది. 1980, 90 దశకాల్లో సరస్సు చుట్టుపక్కల వరిపొలాలూ చెరువులయ్యాయి. శీలావతి ప్రధానంగా, దానికి తోడు బొచ్చె – ఇదే నేటికీ ఈ ప్రాంతపు మూలపంట. ఒక ఏడాదిపాటు ఒత్తుగా పెంచి ఎదుగుదల అణచిన పెద్దపిల్లలను ఎకరానికి రెండువేల నుంచి రెండున్నరవేల వరకు వేసి, ఎనిమిది నుంచి పన్నెండు నెలలు పెంచి, కిలో నుంచి కిలోన్నర బరువులో పడతారు.

మేత వేసే పద్ధతి ఇక్కడివారి స్వంత ఆవిష్కరణ అనదగ్గది. నూనె తీసిన తవుడును, వేరుశనగ చెక్కనో పత్తిగింజల చెక్కనో కలిపి, చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ సంచుల్లో నింపి, చెరువులో వరుసగా నాటిన వెదురుకర్రలకు కట్టివేస్తారు. చేపలు వచ్చి సంచిని పొడుచుకొని తింటాయి. కొన్ని గంటల తరువాత సంచిలో మిగిలిన మేత ఎంతో చూస్తే చేప ఆరోగ్యం తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రచురణలు ఈ సంచిమేత విధానాన్ని ప్రత్యేకంగా నమోదు చేశాయి. ఉద్యోగి దృష్టితో చూస్తే దీనికొక అదనపు గుణముంది: పని ఉదయం ఆరుకూ ఎనిమిదికీ మధ్య ముగుస్తుంది. స్నానం చేసి పది గంటలకు సంతకం పెట్టవచ్చు. కొల్లేటి చేపలపెంపకం ఉద్యోగులను ఆకర్షించడానికి ఇదొక ముఖ్యకారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పైకి చూస్తే ఇంతకంటే అనువైన వ్యాపకం దొరకదనిపిస్తుంది.

చిక్కు రాత్రిలో ఉంది. చెరువునీటిలోని పచ్చని సూక్ష్మనాచు పగటిపూట సూర్యరశ్మితో ప్రాణవాయువును తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగున కుళ్లే మేత అందరూ కలిసి ఆ ప్రాణవాయువును ఖర్చుచేస్తారు. కాబట్టి నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠానికి చేరుతుంది. రెండుమూడు రోజులు మబ్బుపట్టి ఎండ లేకపోతే పగటి ఉత్పత్తి తగ్గి, మూడో నాలుగో రాత్రికి నిలువ అడుగంటుతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ సమయంలో ఇంజను పెట్టి నీరు తోడాలి, ఏరేటర్లు తిప్పాలి, మర్నాటి మేత ఆపాలి. నిర్ణయానికి ఉండే వ్యవధి గంటల్లోనే. కాపలామనిషి ఇంజను తిప్పగలడు. అయితే మబ్బుపట్టిన సాయంత్రమే ‘రేపు మేత కట్టవద్దు’ అని చెప్పగలిగేవాడు ఎవరో ఒకరు ఉండాలి. మేత తగ్గిస్తే ఎదుగుదల తగ్గుతుంది, కట్టిస్తే ప్రమాదం పెరుగుతుంది. ఈ తూకం వేసే అధికారం కూలికి ఇవ్వని యజమాని, తాను గట్టుమీద ఉండని యజమాని – ఇద్దరూ ఒకడే అయినప్పుడు నష్టం వస్తుంది.

పట్టుబడి మరొక అడ్డంకి. వలవాళ్లు, ఐసు, పెట్టెలు, లారీ, కమీషను వ్యాపారి – ఇవన్నీ ఒకచోట కలిసే రోజు సెలవురోజు కావాలని నియమం లేదు. ఆనాటి ధర ఆనాటిదే. తూకం దగ్గర యజమాని లేని పట్టుబడి గురించి గట్టుమీద వినిపించే కథలు వేరే వ్యాసానికి సరిపోతాయి.

రొయ్యను దీనితో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. 2009లో మనదేశంలో అనుమతి పొందిన వనామీ రొయ్య మూడు నాలుగు నెలల్లో డబ్బు కళ్లజూపిస్తుంది. అందుకు ప్రతిఫలంగా రోజుకు పలుమార్లు మేత, చెక్‌ట్రే పరిశీలన, రాత్రంతా ఏరేటర్లు, కరెంటు పోతే క్షణాల్లో జనరేటరు అడుగుతుంది. తెల్లమచ్చ వ్యాధి వస్తే రోజుల్లో చెరువు ఖాళీ అవుతుంది. ఆఫీసులో కూర్చొని చేయదగిన పని కాదది. శీలావతి చెరువు ఓర్చుకొన్నంత గైర్హాజరును రొయ్యల చెరువు ఓర్చుకోదు.

4. ఒక ఊహాత్మక జమాఖర్చు

కింది అంకెలు మార్కెట్ సర్వే కాదు. లెక్క నడిచే తీరును చూపడానికి ఎంచుకొన్నవి. పాఠకులు తమ ఊరి ధరలు వేసుకొని తిరిగి లెక్కించుకోవచ్చు.

నెలకు 50,000 రూపాయల జీతమున్న ఒక ఉద్యోగి పెద్ద చెరువులో రెండెకరాల వాటా తీసుకొన్నాడనుకొందాం. ఎకరానికి 2,200 చొప్పున 4,400 పిల్లలు. తొంబై శాతం బతికితే 3,960 చేపలు. సగటున 1.2 కిలోల చొప్పున 4,752 కిలోలు. గట్టుమీద కిలో 110 రూపాయలైతే రాబడి 5,22,720. ఇక ఖర్చు: ఒక్కొక్కటి 15 రూపాయల పిల్లకు 66,000, కౌలు ఎకరానికి 60,000 చొప్పున 1,20,000. వేసిన పిల్లల బరువు తీసివేయగా పెరిగిన బరువు దాదాపు 4,090 కిలోలు. కిలో చేపకు రెండున్నర కిలోల మేత చొప్పున సుమారు 10,230 కిలోలు, కిలో 22 రూపాయల లెక్కన 2,25,000. కాపలా, డీజిలు, సున్నం, మందులు, వల కలిపి 50,000. మొత్తం 4,61,000. మిగులు సుమారు 61,700.

ఈ మిగులును చూసి మనిషి సంతోషిస్తాడు. కాని పెట్టుబడి ఎక్కడిది? జీతపు చీటీ చూపి తీసుకొన్న వ్యక్తిగత రుణం. సగటున ఆరునెలలపాటు 12 శాతం వడ్డీ వేసుకొంటే 27,700 పోయి 34,000 మిగులుతుంది. రోజుకు గంటన్నర చొప్పున మూడువందల రోజులు గట్టుమీద గడిపితే 450 గంటలు. గంటకు డెబ్బై అయిదు రూపాయలు. ధర కిలోకు పది రూపాయలు తగ్గితే రాబడి 47,520 తగ్గుతుంది. 34,000 మిగులు పోయి 13,500 నష్టం తేలుతుంది. ధర నిలిచినా, పట్టుబడికి ముందు ఒక మబ్బురాత్రి పదోవంతు చేప చనిపోతే పోయేది 52,000. ఏడాది పొడవునా మిగిలిందంతా, ఆపైన మరికొంత, ఒక్క తెల్లవారుజామున పోతుంది.

చాలామంది ఉద్యోగుల పుస్తకాల్లో ఈ నష్టం కనిపించదు. నెలజీతం వాయిదాలను కట్టేస్తుంది గనుక చెరువు తనంతట తాను నడుస్తున్నట్టే ఉంటుంది. పూర్తికాల రైతుకు రెండో పంటలోనే తెలిసే నిజం ఉద్యోగికి అయిదో పంటదాకా తెలియదు. జీతం వ్యాపారాన్ని కాపాడుతుందనే మాటలో సగమే నిజముంది. నష్టవ్యాపారాన్ని కూడా అది అంతే నమ్మకంగా కాపాడుతుంది. అందువల్ల చెరువుకు వేరే ఖాతా, వేరే పుస్తకం ఉండి, తన గంటలకు కనీసం కాపలామనిషి కూలి రేటునైనా ఖర్చుగా రాసుకోవాలి.

మరి జీతం వల్ల నిజమైన లాభం ఏది? వేచిచూడగలగడం. మేత అరువిచ్చిన వ్యాపారికే చేప అమ్మవలసిన అవసరం లేకపోవడం, పండుగలకు హౌరాలో ధర పెరిగేదాకా రెండు వారాలు ఆగగలగడం, కౌలు కోసం చేతిబదులు తెచ్చుకోకపోవడం. జీతాన్ని పెట్టుబడిగా చెరువులో పోసినవాడు ఈ లాభాన్ని కోల్పోతాడు. నిలువగా అట్టిపెట్టుకొన్నవాడు దానిని పొందుతాడు. పెట్టుబడికి వేరే మార్గాలున్నాయి. 2018–19లో కేంద్రప్రభుత్వం కిసాన్ క్రెడిట్ కార్డును మత్స్యరైతులకూ విస్తరించింది; కౌలుదారులూ అందులో అర్హులే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ వర్గాలకు 40, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 60 శాతం దాకా సహాయముంది. అయినా వ్యక్తిగత రుణం వైపే ఉద్యోగి మొగ్గుచూపుతాడు. ఒక సంతకంతో వస్తుంది, ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఈ ‘ఎవరికీ చెప్పనక్కరలేదు’ అన్న మాట దగ్గరే చట్టం ప్రవేశిస్తుంది.

5. చట్టం గీసిన హద్దులు

ప్రభుత్వోద్యోగి విషయంలో సందిగ్ధం తక్కువ. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి, 1964 ప్రకారం ప్రభుత్వపు ముందస్తు అనుమతి లేకుండా ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని వ్యాపారంలో పాల్గొనరాదు. అదే ఏడాది వచ్చిన కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమాల్లో పదిహేనో నియమం ఇదే చెబుతూ, కుటుంబసభ్యుల వ్యాపారాన్ని కూడా ప్రభుత్వానికి తెలియజేయాలంటుంది. అలవాటుగా అప్పులపాలు కావడాన్ని కూడా ఆ నియమాలు తప్పుగానే పరిగణిస్తాయి. ‘పరోక్షంగా’ అన్న ఒక్క పదం కొల్లేటి గట్లమీద ఎంతమందిని తాకుతుందో ఊహించవచ్చు.

ప్రైవేటు ఉద్యోగికి నియామకపత్రమే నియమావళి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షను వ్యాపార స్వేచ్ఛను అడ్డుకొనే ఒప్పందాలు చెల్లవంటుంది గాని, ఉద్యోగంలో ఉన్నంతకాలం మరొకచోట పనిచేయరాదనే షరతు చెల్లుతుందని 1967లో నిరంజన్ శంకర్ గోలికారి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2022లో విప్రో సంస్థ ఇతర సంస్థలకూ పనిచేస్తున్నారన్న కారణంతో మూడువందలమందిని తొలగించినట్టు ప్రకటించినప్పుడు దేశమంతా చర్చ సాగింది. అదే ఏడాది స్విగ్గీ సంస్థ ముందస్తు సమాచారంతో ఉద్యోగులు బయటి పనులు చేసుకోవచ్చని విధానం ప్రకటించింది. రెండు ఉదంతాల్లోనూ నిర్ణాయకమైనది వెల్లడి. హైదరాబాదులోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ, ఇంటినుంచి పని అన్న కాలంలో స్వగ్రామం చేరి చెరువు మొదలుపెట్టిన యువకులు కూడా ఈ అంశాన్ని గమనించాలి. చెరువు తన సంస్థకు పోటీ కాకపోవచ్చు. రాతపూర్వక అనుమతి అడగడానికి అదే అనుకూలమైన కారణం.

అనుమతి అడగడానికి బదులు సాధారణంగా జరిగేది వేరు. చెరువు భార్య పేరు మీద ఉంటుంది. పేరు ఆమెది, పిల్లలను బడికి పంపి కాపలామనిషికి భోజనం పంపేది, మేతలారీ వస్తే బస్తాలు లెక్కపెట్టేది, తెల్లవారుజామున ఫోను ఎత్తేది ఆమె, ఖాతా మాత్రం అతనిది. గంటలు లెక్కించేటప్పుడు ఆమె గంటలు సున్నా. పైన వేసిన జమాఖర్చులో ఈ వ్యాసకర్త కూడా వాటిని వేయలేదు. వేసి ఉంటే ధర తగ్గకముందే నష్టం కనిపించేది. చెరువు నిజంగా ఆమెదే అయితే – నిర్ణయం, ఖాతా, లాభం ఆమెవే అయితే – అది చట్టానికీ, చెరువుకీ మేలు. ఆ రాత్రి మేత ఆపే అధికారం గట్టుకు దగ్గరగా ఉన్న మనిషి చేతికి వస్తుంది.

వాటాల సంగతి ఇంతకంటే ప్రమాదకరం. స్నేహితులు నలుగురు నోటిమాటతో కలిసి చెరువు చేయడం ఇక్కడ మామూలు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం భాగస్వాములు సంస్థ అప్పులకు ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు. మేతవ్యాపారి తన బాకీ మొత్తాన్ని నలుగురిలో ఎవరినుంచైనా రాబట్టుకోవచ్చు. అతను ఎవరిని ఎంచుకొంటాడు? నెలనెలా జీతం వచ్చేవాడినే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను కింద జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అతీతం. మిగతా మూడోవంతు ఒక డిక్రీ కింద ఇరవైనాలుగు నెలలదాకా జప్తు చేయవచ్చు. మన ఊహాత్మక ఉద్యోగి విషయంలో అది నెలకు 16,333, మొత్తం 3,92,000. రెండెకరాల వాటాకు పెట్టినదానికి ఇది అదనం. పైగా నమోదుకాని భాగస్వామ్యం తన హక్కుల కోసం బయటివారిమీద దావా వేయలేదు; బయటివారు దానిమీద వేయగలరు. 2008 చట్టం కింద పరిమిత బాధ్యత భాగస్వామ్యంగా ఏర్పడితే ఈ భారం చాలావరకు తగ్గుతుంది, కాని ఉద్యోగానికి సంబంధించిన అనుమతి అప్పుడూ తప్పదు.

పన్ను విషయంలో ఒక అపోహ బలంగా ఉంది. చేపలపెంపకం వ్యవసాయమే గనుక పన్ను లేదని చాలామంది నమ్మకం. ఆదాయపు పన్ను దృష్టిలో ఇది వ్యవసాయాదాయం కాదు, వ్యాపారాదాయం. జీతంతో కలిపి చూపాలి. తాజాచేపల అమ్మకంమీద జీఎస్టీ లేదన్న మాట మాత్రం నిజం.

అన్నిటికంటే ముందు చూడవలసింది భూమి. 1999 అక్టోబరు 4న వెలువడిన 120వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు సముద్రమట్టానికి అయిదడుగుల కాంటూరు దాకా 308.55 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. ఉమ్మడి కృష్ణా జిల్లాలో దాని పరిధిలోకి వచ్చిన మండలాలు రెండే – కైకలూరు, మండవల్లి. 2002లో కొల్లేరు రామ్సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అభయారణ్యంలోని చెరువుగట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో తెంచివేశారు. కాంటూరును మూడడుగులకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసినా, కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ దానిని సమర్థించలేదు. ఆనాడు తెగిన గట్ల వెనుక నీళ్లలో సొంతపేరున భూమి లేనివారి వాటాలు ఎన్ని ఉన్నాయో ఏ దస్త్రంలోనూ దొరకదు. వాటాకు కాగితం లేనివాడికి నష్టపరిహారం అడగడానికీ కాగితం ఉండదు. సర్వే నంబరు కాంటూరుకు ఏవైపు ఉందో, ఆ చెరువుకు 2020 చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ లైసెన్సు ఉందో లేదో తెలుసుకోకుండా అడ్వాన్సు ఇవ్వడం జీతగాడు చేయగల అతి ఖరీదైన పొరపాటు. హద్దుకు బయట ఉన్న చెరువైనా వరదకు హద్దులు తెలియవు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీరు చివరికి చేరింది ఈ సరస్సుకే.

6. ఆగే సరుకు

చెరువును ఆశ్రయించి బతికే పనుల్లో కొన్ని నిర్మా పొడిలా ఆగుతాయి. ఎండుచేప, రొయ్యల పచ్చడి ఆగుతాయి. 2020లో వచ్చిన సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల పథకంలో వీటికి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా పదిలక్షల దాకా రాయితీ ఉంది. చెరువుల జమాఖర్చు రాసిపెట్టడం ఆదివారం చేయవచ్చు; ఈ ప్రాంతంలో దీనికున్న అవసరం గురించి పై లెక్కలే చెబుతాయి. నీటి పరీక్షకేంద్రం మధ్యస్థం: రైతు నమూనా తెచ్చేది ఉదయమే, ఆఫీసువేళకు ముందే, కాని ఫలితం ఆలస్యమైతే విలువ ఉండదు. వీటిలో లాభం చెరువంత కనిపించదు. ఒక్క రాత్రిలో పోయేదీ లేదు.

7. ఉద్యోగం మానవలసిన చోటు

ఎప్పుడు మానాలన్న ప్రశ్నకు ‘లాభం జీతాన్ని దాటినప్పుడు’ అని సాధారణంగా చెబుతారు. చేప విషయంలో ఈ కొలత సరిపోదు. ధర పెరిగిన ఒక్క ఏడాదిలో లాభం జీతాన్ని దాటి మర్నాడు పడిపోవచ్చు. తాను గట్టుమీద లేకపోవడం వల్ల పోగలిగినది జీతాన్ని దాటిందా అన్నది మెరుగైన కొలత. మన లెక్కలో ఒక చెడ్డ రాత్రి ఎకరానికి 26,000 రూపాయలు తీసుకుపోతుంది. ఏడాదికి ఆరులక్షల జీతం గల మనిషి విషయంలో, ఇరవైమూడు ఎకరాల దగ్గర ఆ రెండు సమానమవుతాయి. అంతకు లోపల నమ్మకమైన కాపలామనిషికి మంచి జీతమూ, మేత ఆపే అధికారమూ ఇవ్వడం రాజీనామా కంటే చౌక. అంతకు మించితే ఆఫీసులో కూర్చొనే ప్రతి మబ్బురోజూ ఖరీదైనదే.

ప్రభుత్వోద్యోగి ఇక్కడ మరొక విషయం చూసుకోవాలి. రాజీనామాకూ స్వచ్ఛంద పదవీవిరమణకూ పింఛను నియమాల్లో చాలా దూరముంది. పాత పింఛను విధానంలో రాజీనామా గతసేవను రద్దుచేస్తుంది. ఇరవైయేళ్ల అర్హసేవ నిండాక స్వచ్ఛంద విరమణ తీసుకొంటే పింఛను నిలుస్తుంది. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారు భాగస్వామ్య పింఛను విధానంలో ఉన్నారు. వారు ముందుగా వైదొలగితే జమ అయినదానిలో అధికభాగం నెలవారీ పింఛను కొనడానికే పోతుంది. చేతికి వచ్చేది కొద్దిమొత్తం. ఆ సొమ్ముతో చెరువు పెద్దది చేద్దామనుకొనేవారు రాజీనామా రాసే ముందు, పింఛను ఖాతా నివేదికను ఒకసారి తెరిచి, కౌలు గడువు కాగితాన్ని దాని పక్కన పెట్టి చూసుకోవడం మంచిది. కౌలు సాధారణంగా కొద్ది ఏళ్లకే ఉంటుంది.